అడ్వాన్స్ కట్టాక ఫోన్ ఎత్తరెందుకు?

కొత్త కారు కోసం షోరూమ్‌లో అడుగుపెట్టినప్పుడు దొరికే మర్యాద, అడ్వాన్స్ కట్టిన నెల తర్వాత ఎందుకు దొరకదు? టెస్ట్ డ్రైవ్‌కి ఇంటికే బండి పంపినవాళ్లు, రాత్రిపూట మెసేజ్ పెట్టినా వెంటనే జవాబిచ్చినవాళ్లు బుకింగ్ అయ్యాక ఫోన్ ఎత్తడం మానేస్తారు. ఎత్తినా ఒకటే మాట: "రేపు కనుక్కుని చెప్తాను సార్." ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అన్నట్టే ఉంటుంది వ్యవహారం. చాలామంది దీన్ని ఆ సేల్స్ కుర్రాడి నిర్లక్ష్యం కింద జమకడతారు. కానీ మనిషి మారినా, షోరూమ్ మారినా అదే అనుభవం ఎదురవుతోందంటే, చూడాల్సింది ఆ వ్యాపారం నడిచే తీరును.

కార్ల కంపెనీ, డీలర్ ఒకటేనని మనం అనుకుంటాం. ఎక్కువ కంపెనీల విషయంలో డీలర్ విడి వ్యాపారి. కంపెనీ దగ్గర కార్లు కొని మనకు అమ్ముతాడు. చాలావరకు అప్పు తెచ్చే కొంటాడు కాబట్టి స్టాక్‌యార్డ్‌లో నిలిచిపోయిన కారు మీద రోజూ వడ్డీ పడుతుంది. సేల్స్ సిబ్బంది టార్గెట్లు, ఇన్సెంటివ్‌లు సాధారణంగా నెలాఖరుకు ఎన్ని కార్లు బయటికి వెళ్లాయన్న లెక్క మీదే ఉంటాయి. స్టాక్‌లో ఉన్న కారు అమ్మితే ఈ నెల లెక్కలో పడుతుంది. మీరు ఆర్డర్ చేసిన కారు ఎప్పుడో వస్తుంది. అప్పటిదాకా మీకు సమాధానం చెప్పే పని వల్ల ఆ ఎగ్జిక్యూటివ్‌కి వచ్చేదేమీ లేదు. ఈలోగా అతను ఉద్యోగం మారిపోతే మీ బుకింగ్ సంగతి చూసే మనిషే ఉండడు. ఎదురుచూసే కస్టమర్‌తో మాట్లాడటం ఫలానావారి బాధ్యత అని చాలా షోరూముల్లో ఎవరికీ అప్పగించరు. అసలు జబ్బు అదే.

ఒక్కోసారి కారు ఎప్పుడొస్తుందో ఆ ఎగ్జిక్యూటివ్‌కి నిజంగానే తెలియదు. ఏ వేరియంట్ కార్లు ఏ డీలర్‌కి ఎన్ని పంపాలో తేల్చేది కంపెనీ. 2021లో కార్లలో వాడే ఎలక్ట్రానిక్ చిప్‌ల కొరత వచ్చినప్పుడు ప్రపంచమంతటా ఫ్యాక్టరీల్లో ఉత్పత్తి తగ్గిపోయింది. జనరల్ మోటార్స్ కొన్ని మోడళ్లను హీటెడ్ సీట్లు లేకుండా, బీఎండబ్ల్యూ కొన్నిటిని టచ్‌స్క్రీన్ సదుపాయం లేకుండా అమ్మాల్సి వచ్చింది. ఆలస్యానికి ఇలాంటి కారణాలుంటే జనం అర్థం చేసుకుంటారు. "మాకూ ఇంకా సమాచారం రాలేదు, శుక్రవారం మళ్లీ చేస్తాను" అని చెప్పి, శుక్రవారం నిజంగా ఫోన్ చేస్తే ఇంకో నెల ఓపిక పట్టేవాళ్లే ఎక్కువ. ఆ ఒక్క ఫోన్ కూడా రాకపోవడమే మనిషిని అవమానిస్తుంది.

బుకింగ్ ఫారాన్ని ఒకసారి దగ్గరగా చూడండి. మోడల్ పేరు స్పష్టంగా ఉంటుంది. డెలివరీ తేదీ గడిలో "సుమారు" అనో, "లభ్యతను బట్టి" అనో ఉంటుంది, లేదంటే ఖాళీ. వెనకవైపు చిన్న అక్షరాల్లో, డెలివరీ నాటి ధరే వర్తిస్తుందనీ, రద్దు చేసుకుంటే అడ్వాన్స్‌లో కోత ఉంటుందనీ రాసి ఉండొచ్చు. నోటిమాటగా ఒప్పుకున్న ఫ్రీ యాక్సెసరీలు, పాత కారుకి ఇస్తామన్న రేటు అందులో ఎక్కడా కనిపించవు. రేపు గొడవ వస్తే మేనేజర్ టేబుల్ మీద పెట్టేది ఆ కాగితమే. అందుకే సంతకానికి ముందే ఆ ఖాళీలన్నీ నింపించాలి. ఫలానా తేదీలోగా కారు ఇవ్వకపోతే అడ్వాన్స్ మొత్తం వాపసు ఇస్తామని ఒక వాక్యం రాయించుకోవాలి. దానికి ఒప్పుకోని చోట డబ్బు కట్టకపోవడమే మంచిది. అడ్వాన్స్ కూడా ఎంత తక్కువకు ఒప్పుకుంటే అంతే కట్టాలి. గట్టిగా అడిగే అవకాశం మనకు ఉండేది ఆ డబ్బు చేతులు మారకముందే.

తర్వాత ఎప్పుడో "మీ కారు దారిలో ఉంది" అంటారు. అప్పుడు వీఐఎన్, అంటే బండి గుర్తింపు నంబర్ అడగండి. 17 అక్షరాలు, అంకెలతో ఉండే ఈ నంబర్ ఏ రెండు కార్లకూ ఒకటి కాదు. అంకెలతో తికమక పడకుండా ఐ, ఓ, క్యూ అక్షరాలను ఇందులో వాడరు. కారు నిజంగా మీ పేరున అలాట్ అయి ఉంటే ఆ నంబర్ చెప్పడానికి అడ్డేమీ ఉండదు. చెప్పలేకపోతున్నారంటే దారిలో ఉన్నది మీ కారేనని ఇంకా ఖాయం కాలేదన్నమాట. నంబర్ మీ చేతిలో ఉంటే, ఆ బండిని మీ వెనక బుక్ చేసినవాళ్లకి సర్దేయడం కూడా అంత సులువు కాదు.

ఫోన్‌లో అరిస్తే ఆ పూటకి కోపం చల్లారుతుంది, చేతిలో ఆధారం మాత్రం ఏమీ మిగలదు. మాట్లాడిన ప్రతిసారీ "నెలాఖరులోగా అలాట్‌మెంట్ వస్తుందని ఈ రోజు చెప్పారు" అని రెండు లైన్ల మెయిల్ పెట్టండి. జవాబు రాకపోతే సేల్స్ మేనేజర్‌కి, ఆపైన బుకింగ్ నంబర్‌తో కంపెనీ కస్టమర్ కేర్‌కి రాయాలి. వాళ్లు తిరిగి అదే డీలర్‌కి పంపుతారని చాలామంది ఊరుకుంటారు. పంపినా సరే, ఫిర్యాదు రికార్డవుతుంది, డీలర్ దానికి జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది. రేపు వినియోగదారుల హక్కుల కింద కేసు వేయాల్సి వచ్చినా పనికొచ్చేవి ఈ మెయిళ్లే.

డీలర్ లేకుండా, అమెరికా కార్ల కంపెనీ టెస్లాలా, కంపెనీయే నేరుగా అమ్మితే ఈ బాధ ఉండదని ఒక వాదన. ఆర్డర్ ఎంతవరకు వచ్చిందో ఫోన్‌లోనే కనిపించడం మంచిదే. కానీ ఏదైనా చిక్కు వస్తే ఎదురుగా కూర్చుని అడగడానికి మనిషి దొరకడం అక్కడా కష్టమే.

ఇన్నాళ్లు ఆగాం కదా అని డెలివరీ రోజు హడావిడి పడొద్దు. వీలైతే కారు చూశాకే మిగతా డబ్బు కట్టండి. బండి మీద ఉన్న వీఐఎన్, ఇన్వాయిస్‌లో ఉన్నదీ ఒకటేనేమో సరిచూడండి. టైరు మీద తయారీ తేదీని చెప్పే నాలుగు అంకెలు చదవండి. 2324 అని ఉంటే 2024లో 23వ వారంలో తయారైన టైరు అది. బండి ఎక్కడో ఎక్కువకాలం నిలబడి ఉందేమో అన్న అనుమానానికి అక్కడ ఒక ఆధారం దొరుకుతుంది.

తాళాలు ఇస్తూ "సర్వే వస్తుంది, పదికి పది వేయండి, లేకపోతే మాకు ఇబ్బంది" అని బతిమాలడం చాలాచోట్ల మామూలే. ఆ సర్వే సాధారణంగా కారు అందుకున్నవాళ్లకే వస్తుంది. విసిగిపోయి రద్దు చేసుకున్నవాళ్ల మాట అందులోకి చేరదు. కాబట్టి కొత్త బండి సంతోషంలో మొహమాటపడి పదులు వేసేయకుండా, బుకింగ్ తర్వాత ఎన్ని వారాలు జవాబు లేకుండా గడిచాయో అందులో రాయండి. ఆ కుర్రాడి ఉద్యోగానికి ముప్పు రాకూడదనుకుంటే అతని పేరెత్తకుండానే, ఆర్డర్ చేసినవారికి సమాచారం ఇచ్చే మనిషంటూ అక్కడ లేడని రాయొచ్చు.