ఒక్క బిర్యానీ పొట్లం

విశాఖ ఎంవీపీ కాలనీలో మా అపార్ట్‌మెంట్‌ వాళ్లందరం అరకు బయలుదేరాం. పిల్లాపాపలతో కలిపి 46 మంది. మధ్యాహ్నం పొట్లాల కోసం ఎవరికేం కావాలో ఆన్‌లైన్ ఫారంలో తలా ఒక లైను రాయమన్నారు సెక్రటరీ గారు. రాయమంటే మనవాళ్లు ఊరుకుంటారా! ఒకరు ‘వెజ్’, ఒకరు ‘వెజ్జే’, మరొకాయన ‘శనివారం కదండీ, వెజ్’. 201 తాతగారైతే ‘ఏదైనా పర్లేదు’ అనేశారు.

వేళ్లమీద లెక్కపెడితే ఐదు నిమిషాల పని. కానీ బిల్డింగ్‌లో సాఫ్ట్‌వేర్ కుర్రాడు ఉండగా వేళ్లతో పనేమిటి? 302 వాళ్లబ్బాయి పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష తెరిచి, ముందు ‘వెజ్’ ఎన్నిసార్లుందో లెక్కపెట్టమని కౌంట్ అని కొట్టాడు. వెజ్ 9 అంది.

"అదేంట్రా, మా ఇంట్లోనే ఐదుగురం!" అన్నారు సెక్రటరీ గారి భార్య.

కౌంట్‌కి అక్షరం పొల్లుపోకూడదట. ‘వెజ్’ తర్వాత ఒక్క స్పేస్ పడినా, రేషన్ కార్డులో ఇంటిపేరు తప్పుపడ్డట్టే, మనిషి లెక్కలో లేడు.

"మార్చేస్తాను ఆంటీ" అని, ‘వెజ్’ అన్న మాట ఎక్కడైనా ఉందా అని ప్రతి లైన్లోనూ వెతికించాడు. ఉంటే ట్రూ, లేకపోతే ఫాల్స్. పైథాన్‌కి ట్రూ అంటే 1, ఫాల్స్ అంటే 0. అన్నీ సమ్‌లో, అంటే కూడికలో, పడేస్తే షరతుకు సరిపోయినవి ఎన్నో తేలిపోతుంది. ఒక్క లైను కోడ్, ముచ్చటగానే ఉంది. వెజ్ 45.

వంటావిడకి ఫోన్ చేశారు. "ఏటి బాబూ, ఇంతమందీ పప్పే తింతారా? ఒక్కటేనా కోడి బిర్యానీ?" అని అడిగి అడిగి మరీ రాసుకుంది. ఆ అనుమానం ల్యాప్‌టాప్‌కి రాలేదు. "కంప్యూటర్ లెక్కమ్మా" అన్నారు సెక్రటరీ గారు.

రైల్లో పిల్లలు సొరంగాలు లెక్కపెడుతుంటే మన లెక్కల వీరుడు హాయిగా నిద్రపోయాడు. అరకులో పద్మాపురం గార్డెన్స్‌లో పొట్లాలు విప్పాం. పులిహోర, ముద్దపప్పు, వంకాయ కూర. ఇంతలో ఎక్కణ్నుంచో మసాలా వాసన. తలలన్నీ తాతగారి వైపు తిరిగాయి. ఆయన తలెత్తకుండా లెగ్ పీసు పనిలో ఉన్నారు.

"నేను స్పష్టంగా నాన్ వెజ్ అని రాశానయ్యా!" అని 404 ఆయన లేచారు. కుర్రాడు ఫోన్ తీసి చూసుకుని నాలుక కరుచుకున్నాడు.

"‘నాన్ వెజ్’లో కూడా ‘వెజ్’ ఉంది కదా అంకుల్..."

అక్కడే కూర్చుని, ముందూ వెనకా స్పేసులు కత్తిరించి, ‘నాన్’ ఉన్నవాళ్లని వేరుచేసి మళ్లీ లెక్క తీశాడు. నాన్ వెజ్ 27. సెక్రటరీ గారు అందరినీ బొంగు చికెన్ కొట్టు దగ్గరికి తీసుకెళ్లి, ఎందుకైనా మంచిదని చేతులెత్తమన్నారు. 31 లేచాయి. అందులో బిర్యానీ తిన్న తాతగారి చెయ్యి ఒకటి. ‘శనివారం కదండీ’ అన్న ఆయనదీ లేచింది, వాళ్లావిడ అటు తిరిగి ఉన్నంతసేపూ.

"నన్ను చూడకండి అంకుల్, ఈసారి కోడ్ కరెక్టే" అన్నాడు కుర్రాడు.