కనకాంబరం రంగు ఫోనుకు ఒక సమర్థన

2025 సెప్టెంబరు 9న ఆపిల్ సంస్థ ఐఫోన్ 17 ప్రోను ప్రకటించింది మొదలు దాన్ని గురించి జనం కొంత తేలికగా మాట్లాడుతున్నారు. ఆ ఫోను కొననివాడిని, కొనే స్తోమత కూడా లేనివాడిని, కాబట్టి బొత్తిగా నిష్పాక్షికుడిని గనుక దాని తరఫున నాలుగు మాటలు రాయడం నా బాధ్యత అనుకుంటున్నాను. మన దేశంలో దాని ధర 1,34,900 రూపాయల దగ్గర మొదలైంది. ఇంత డబ్బు పోసి కొన్నదానిలో పాత ఫోను చేయని పని ఏముందని కొందరు అడుగుతున్నారు. పెళ్లికూతురి మెడలో కాసులపేరు చూసి, ఇది టైము చూపిస్తుందా అని అడిగినట్టుంది ఆ ప్రశ్న.

ముందు లోహం సంగతి చూద్దాం. ఐఫోన్ 14 ప్రో దాకా చట్రం స్టీలుది. 2023లో 15 ప్రో వచ్చినప్పుడు టైటానియానికి మారారు. అంగారకుడి మీదికి వెళ్లే నౌకల్లో వాడే మిశ్రమలోహమని సెలవిచ్చారు. రెండేళ్లపాటు మనవాళ్లు అంగారక నౌక ముక్కను జేబులో వేసుకుని షేర్ ఆటోలు ఎక్కారు. ఇప్పుడు 17 ప్రో మళ్లీ అల్యూమినియంలోకి దిగింది. ఆ టైటానియంతో పోలిస్తే ఈ మిశ్రమం వేడిని 20 రెట్లు బాగా లాగేస్తుందని సంస్థ వివరణ. సత్తుగిన్నె ఇట్టే వేడెక్కుతుందని పాలు పొంగబెట్టుకున్న ప్రతి ఇంట్లోనూ తెలిసిన విషయమే అయినా, అంగారకుడి దాకా వెళ్లివచ్చి తెలుసుకున్న జ్ఞానానికి ఉండే గౌరవం వేరు. స్టీలు పోయి టైటానియం వచ్చింది, టైటానియం పోయి సత్తు వచ్చింది. ఈ లెక్కన ఇక మట్టికుండే మిగిలింది అనుకుంటున్నారేమో, ఆ ముచ్చటా తీరిపోయింది.

ఈ ఫోను లోపల వేపర్ చాంబర్ అనే ఒక పల్చటి మూసిన గది ఉంది, అందులో కొద్దిపాటి శుద్ధజలం ఉంది. చిప్పు వేడెక్కినప్పుడు ఆ నీరు ఆవిరై, చల్లగా ఉన్న వైపుకు పోయి, అక్కడ మళ్లీ నీరై వెనక్కి వస్తుంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో ఈ ఏర్పాటు ఏళ్ల తరబడి ఉందని అసూయాపరులు గుర్తు చేస్తున్నారు గానీ, పెద్దింటివాళ్లు ఆలస్యంగా చేసే పనిని ముహూర్తం చూసుకుని చేయడం అంటారు. నన్ను ఆలోచనలో పడేసింది వేరే సంగతి. నీళ్లలో పడిన ఫోనును బియ్యం డబ్బాలో పాతిపెట్టడం మనకు ఇంటి వైద్యం; అలా పెట్టవద్దని ఇదే సంస్థ 2024లో హితవు చెప్పింది. ఇప్పుడు నీళ్లను వాళ్లే లోపల పోసి, సీలు వేసి ఇస్తున్నారు.

కెమెరాల గురించి పెద్దగా చెప్పను. వెనుక మూడు, మూడూ 48 మెగాపిక్సెళ్లవే. ముందు కెమెరా మాత్రం ప్రస్తావించదగింది. దాని సెన్సరు చతురస్రంగా ఉండడం వల్ల ఫోనును నిలువుగా పట్టుకునే అడ్డ ఫొటో తీసుకోవచ్చు. ఇంకో మనిషి వచ్చి చేరితే అదే వెడల్పయి చోటిస్తుంది. పెళ్లి మండపంలో సెల్ఫీ తీస్తుండగా ఆఖరి క్షణంలో పక్క నుంచి తల దూర్చే బాబాయి అనే సమస్యను కాలిఫోర్నియాలో కూర్చుని పరిష్కరించారంటే, మనల్ని వాళ్లు ఎంత దగ్గరగా గమనిస్తున్నారో చూడండి.

అమెరికాలో దీని ధర 1,099 డాలర్ల దగ్గర మొదలైంది. పన్ను కాక, ఫోను వచ్చిన నాటి మారకంలో మన లెక్కకు సుమారు 97 వేలు అనగానే డాలస్‌లో ఉన్న మేనల్లుడి మీద బంధువులందరికీ ఒక్కసారిగా ప్రేమ పుడుతుంది. అతను ఆవకాయ జాడీ ఖాళీ చేసిన సూట్‌కేసులో ఫోను పెట్టుకుని తెచ్చాక, మావయ్యగారు పాత సిమ్ కార్డును గోటితో పట్టుకుని, దూర్చడానికి కన్నం కోసం ఫోను నాలుగు అంచులూ తడుముతారు. అమెరికాలో అమ్మే కొత్త ఐఫోన్లలో సిమ్ పెట్టే చోటు 2022లోనే తీసేశారు. ఇక్కడే కొనేవారికి ఆ చిక్కు లేదు, వాయిదాలున్నాయి. 24 నెలలకు పంచితే వడ్డీ లేకుండానే నెలకు 5,621 రూపాయలు. ఏటా సెప్టెంబరులో కొత్త కాన్పు అయ్యే ఆ ఇంటి ఆనవాయితీ సాగితే, ఈ బాకీ తీరేలోగా దీనికి తమ్ముళ్లు ఇద్దరు పుడతారు.

ఇవన్నీ ఒక ఎత్తు, రంగు ఒక ఎత్తు. సంస్థ పెట్టిన పేరు కాస్మిక్ ఆరెంజ్. విశ్వంలో నారింజతోట ఎక్కడుందో నాకు తెలియదు గానీ, తెలుగు కళ్లకు అది నిక్కమైన కనకాంబరం రంగు. ఈ ఫోనులోని నిజాయితీ అంతా ఈ రంగులోనే ఉందని నా వాదన. ఎందుకంటే, ఎంత ఖరీదైన ఫోనైనా ముందు నుంచి చూస్తే నల్ల పలకే. లోపలి చిప్పు ఎవరికీ కనబడదు, ఆవిరి గది అసలే కనబడదు. ఇన్నాళ్లూ పాపం యజమాని తానే నోరు తెరిచి, అడగని వాళ్లకు కూడా, "మాది ప్రో అండీ" అని చెప్పుకోవలసి వచ్చేది. ఇప్పుడా శ్రమ లేదు, హాలు ఈ చివర నుంచి ఆ చివరికి కనబడుతుంది.

నా వాదనకు సాక్ష్యం ఈమధ్య నిజాంపేటలో ఒక గృహప్రవేశంలో దొరికింది. మా తోడల్లుడు భోజనానికి కూర్చుంటూనే తన ఫోనును నీళ్ల సీసాకూ విస్తరికీ నడుమ బోర్లా పెట్టాడు. పప్పు వడ్డించేలోగా ఒకసారి, గుత్తివంకాయ దగ్గర ఇంకోసారి అది బర్రుమని వణికింది. వణికిన ప్రతిసారీ బల్ల మీది కాగితంతో సహా సాంబారు గిన్నె వైపు అంగుళం మేర జరిగింది. ఆయన దాన్ని ఎడమచేత్తో యథాస్థానానికి జరిపాడే గాని వెల్లకిలా తిప్పలేదు. తిప్పితే ఎవరు పిలుస్తున్నారో తెలుస్తుంది. కాని రంగు కిందికి పోతుంది.

ఎదురు వరుసలో కూర్చున్న మా పెద్దత్తయ్యగారు మజ్జిగ అన్నం కలుపుతూ, "అదేంటి బాబూ, కనకాంబరం రంగులో ఉంది?" అని అడిగారు.

"ఐఫోన్ సెవెంటీన్ ప్రో అండీ, అత్తయ్యగారూ" అన్నాడాయన, ముద్ద నోట్లో పెట్టుకోవడం ఆపి మరీ.

"ఏదైతేనేంలే నాయనా, రంగు బాగుంది" అన్నారామె.

ఈ ఫోను మీద నేను చదివిన సమీక్షల్లో ఇంత క్లుప్తమైనది, ఇంత తప్పులేనిది ఇంకొకటి లేదు.

అయితే కనకాంబరానికి ఒక గండం వచ్చి పడింది. కొందరి ఫోన్ల రంగు అంచుల్లో గులాబీలోకి తిరిగిందని 2025 అక్టోబరులో ఫొటోలు తిరిగాయి. బ్లీచింగ్ ద్రవాలతో తుడవవద్దని సంస్థ సూచనల్లో ముందే ఉంది. షాపుల్లో ప్రదర్శనకు పెట్టిన వాటి మీద గీతలు కనబడ్డాయన్న మాట సెప్టెంబరులోనే వచ్చింది. ఈ రెండు వార్తలూ మా మరదలి చెవిన పడ్డాయి. ఆమె మర్నాడే ఒక నల్లటి మందపాటి కవరు తెప్పించి ఫోనుకు తొడిగేసింది. పారదర్శకమైన కవరు తెమ్మని ఆయన బతిమాలాడట. అవి నాలుగు నెలల్లో పసుపుపచ్చగా మారతాయని ఆమె ఒప్పుకోలేదు.

మరి గృహప్రవేశంలో బల్ల మీద కనకాంబరం ఎలా పూసిందని మీరు అడగవచ్చు. భోజనాలయ్యాక సెల్లారులో కారు దగ్గర ఆ గుట్టు కంటపడింది. ఆయన చేయి చాపాడు. ఆమె హ్యాండ్‌బ్యాగులోంచి తాంబూలం సంచి, తాళాల గుత్తి పక్కకు నెట్టి, నల్ల కవరు తీసి ఇచ్చింది. ఒక మూల ముందు దూర్చి, మిగతా మూడు మూలలూ బొటనవేలితో నొక్కుకుంటూ కవరు తొడిగేశాక, ఆయన ఫోనును తొలిసారి వెల్లకిలా తిప్పి, తొమ్మిది మిస్డ్ కాల్స్ చూసుకున్నాడు.