‘ఆదివాసీ సంస్కృతి’ యూనిట్ గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ డిగ్రీ ఆన్‌లైన్ కోర్సులోని ‘ఆదివాసీ సంస్కృతి’ యూనిట్ గారికి,

ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లి మండలం నుంచి మీ విద్యార్థి నమస్కరించి రాయునది. నిన్నటి పరీక్షలో తమరు నాకు ఒక మార్కు కోసేశారు. సిగ్నల్ కోసం వాటర్ ట్యాంకు మెట్ల మీద కూర్చుని రాశాను కాబట్టి ఆ మార్కు మీద కాస్త మమకారం ఉంది.

ప్రశ్న తమరిదే, మా దగ్గర కేస్లాపూర్‌లో పుష్యమాసంలో జరిగే గోండుల నాగదేవత పండుగ మీద. నాగోబా జాతరకు మెస్రం వంశీయులు గంగాజలం ఎక్కడి నుంచి తెస్తారు? కాశీ, హరిద్వార్, ప్రయాగ, పైవేవీ కావు. ఆ పూజ చేసే గోండు వంశం వాళ్లదే, మా మేనమామలు మెస్రంవాళ్లే. ఏటా ఇత్తడి ఝారీ పట్టుకుని, కాళ్లకు చెప్పులు లేకుండా జన్నారం మండలంలోని హస్తినమడుగు దాకా నడిచి గోదావరి నీళ్లు తెస్తారు. తిరిగొచ్చాక వాళ్ల పగిలిన అరికాళ్లకు పసుపు, నూనె కలిపి రాసేది మా అత్తయ్య. అందుకే ‘పైవేవీ కావు’ నొక్కాను. ఎర్ర గుర్తు పడింది. సరైన జవాబు కాశీ అట!

ఫిర్యాదు పంపితే అరక్షణంలో బదులొచ్చింది: ‘మీ స్పందనకు ధన్యవాదాలు. మీ అభ్యసనం ఆనందంగా సాగాలి.’

మిగతా వాటికి అలవాటు పడ్డాం. మా గోండుల గుస్సాడీ నృత్యం పాఠంలో నెమలి ఈకల టోపీకి బదులు ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ కొమ్ముల తలపాగా పెట్టారు, సరే. నిజాం మీద కొమురం భీం చేసిన పోరాటాన్ని రెండు వాక్యాల్లో తేల్చేసి, ఆయన చనిపోయిన 1940తో మా చరిత్రకే తలుపు వేసేశారు. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో ఆదివాసీల మీద పోలీసులు జరిపిన కాల్పుల కబురు తమరి సిలబస్‌కు ఇంకా అందినట్టు లేదు.

కానీ ఆ కాశీ ఏమిటండీ? జాతరకు మంత్రులు వస్తారు, అధికారులు మా గోడు వినే దర్బారులో కూర్చుంటారు, మెస్రంవాళ్ల పాదయాత్ర మీద ఏటా పేపర్లో వార్త పడుతుంది. కేస్లాపూర్‌లో ఏ పిల్లవాణ్ణి అడిగినా చెప్పే సంగతికి ఒక్క ఫోను చేసే తీరిక లేకపోయిందా మీకు? మా సంగతులు మాకే తప్పుగా చెప్పి, అందుకు ఫీజు కట్టించుకుని, పైగా మాకే తప్పు వేస్తారా? సిగ్గుగా లేదూ?

అన్నీ సరిగా రాస్తే తప్ప తరువాతి యూనిట్ తెరుచుకోదన్నారు. రెండోసారి కాశీయే నొక్కాను. తెరుచుకుంది.

పుష్యమాసం వచ్చేలోగా జవాబు దిద్దించండి. కుదరదంటారా, మా మేనమామలందరికీ కాశీకి రానుపోను రైలు ఛార్జీలు పంపించండి. ఏసీ బోగీ అయితే మరీ మంచిది, మొదటిసారి వెళ్తున్నారు కదా.

ఇట్లు,
తప్పు జవాబుతో పాసైన విద్యార్థి