మృదులాస్థి కణం గారికి ఒక ఫిర్యాదు

మహారాజశ్రీ మృదులాస్థి కణం గారి దివ్య సముఖానికి,

కీళ్లలో మెత్తటి గుజ్జు తయారుచేసే తమరు, మా ల్యాబ్ ఇంక్యుబేటర్‌లో 37 డిగ్రీల వెచ్చదనంలో, 5 శాతం కార్బన్ డయాక్సైడ్ మధ్య క్షేమంగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ నేను క్షేమంగా లేను. నిన్న మధ్యాహ్నం తమరి ఫొటోలు గైడ్ గారి ముందు పెట్టాను. ఆయన కళ్లజోడు సర్దుకుని, "ఇవి ఫైబ్రోబ్లాస్టుల్లా ఉన్నాయేంటమ్మా?" అన్నారు. ఫైబ్రోబ్లాస్టులంటే చర్మంలో ఉండేలాంటి, సాగిన ఆకారపు సాదా కణాలు. ఏ ప్రొటీన్ ఉందో చూపించే బ్లాట్ పరీక్ష చూస్తే, మృదులాస్థికి గుర్తయిన టైప్ 2 కొల్లాజెన్ ప్రొటీన్ ఉండాల్సిన చోట ఖాళీ. ఎవరూ అడగని, ఫైబ్రోబ్లాస్టులు చేసే టైప్ 1 మాత్రం నల్లగా, దట్టంగా!

తమరికి ఏం తక్కువ చేశామండీ? కోడి పిండం రొమ్ము మృదులాస్థిలో ఉన్నప్పుడు తమరికి రక్తనాళం లేదు, నరం లేదు. చుట్టూ ఉన్న గుజ్జులోంచి నానుకుంటూ వచ్చిన ఆహారమే తిండి. అంత ఇరుకులో కూడా గుండ్రంగా కూర్చుని, మారుమాట లేకుండా పని చేశారు. కొల్లాజెనేజ్ అనే ఎంజైమ్ పోసి ఆ గుజ్జు కరిగించి, విశాలమైన ప్లాస్టిక్ ఫ్లాస్కులోకి తెచ్చాం. అడగకుండానే సీరం (రక్తంలోంచి తీసిన పోషక ద్రవం) పోశాం. ఆదివారాలు కూడా వచ్చి మీడియా (తమరు మునిగి ఉండే ఆహార ద్రవం) మార్చాం. తమరేమో కాళ్లు బారజాపి, బల్లపరుపుగా పడుకుని, రెండో పాసేజ్ (ఫ్లాస్కు నిండాక కొత్త ఫ్లాస్కులోకి మార్చడం) దాటేసరికి అసలు తామెవరో మర్చిపోయారు.

పక్క షెల్ఫులో కండర కణాలున్నాయి, వాటిని చూసైనా సిగ్గుపడండి. సీరం తగ్గించి, 2 శాతం గుర్రం సీరంతో అర్ధాకలి పెడితే ఒకదానితో ఒకటి కలిసిపోయి పొడుగాటి మయోట్యూబులు, అంటే కండర పోగులు, అవుతాయి. (వాటినీ మరీ పొగడక్కర్లేదు. ఫ్లాస్కు ఒకసారి నిండిపోయిందంటే ఆ తర్వాత అవీ సరిగ్గా కలవవు.) ఆకలి పెడితే పని చేసే జాతి వాళ్లది, కడుపు నిండితే పని మానేసే జాతి తమరిది.

తప్పు నా చేతిదేమో అని అనుమానించేవాళ్లకు ఒక మాట. 1960లోనే అమెరికాలోని ఫిలడెల్ఫియాలో హోవర్డ్ హోల్ట్జర్ అనే శాస్త్రవేత్త బృందం కోడి పిండం వెన్నులోంచి తమరి ముత్తాతల్ని తీసి పెంచింది. వాళ్లూ ఇదే నిర్వాకం. ఆయన అంతకుముందు, 1957లో, కండర ప్రొటీన్ అయిన మయోసిన్‌కి మెరిసే యాంటీబాడీలు అంటించి కండరం ఎలా తయారవుతుందో చూసిన మనిషి. తమరు మొహం చాటేసినా ఆయన విసుక్కోలేదు. కణం తానెవరో ఎలా గుర్తుపెట్టుకుంటుంది అన్న ప్రశ్న పట్టుకుని, కండరాన్నీ మృదులాస్థినీ పక్కపక్కన పెట్టుకుని దశాబ్దాలు గడిపారు. అంత ఓపిక నాకు లేదు. నా ఫెలోషిప్‌కి అసలే లేదు.

ఇంతకీ తమరి నిలకడ ఏపాటిదో చెప్పనా? హోల్ట్జర్ శిష్యుడు హెరాల్డ్ వైన్‌ట్రౌబ్ బృందం 1987లో మయోడీ అనే జీన్ పట్టుకుంది. 1990లో హోల్ట్జర్ వాళ్లు దాన్ని తమరి జాతిలోకి ఎక్కిస్తే, తమరు కాస్తా కండరంగా మారిపోయారు! మన ఎమ్మెల్యేలు పార్టీ మారాలన్నా ముందు కాసిని చర్చలు, ఆనక కండువా, ఒక ప్రెస్ మీట్ ఉంటాయి. తమరికి ఒక్క జీన్ చాలింది.

సీరం ధర సంగతి ఎత్తను. జనరేటర్ సంగతీ ఎత్తను. కానీ మా పిన్ని సంగతి ఎత్తుతాను. వారం వారం ఫోన్ చేస్తుంది. "మోకాళ్లలో గుజ్జు అరిగిపోయిందంట. నువ్వు చదివేది దాని గురించేగా, ఏదన్నా మందుంటే చెప్పవే!" ఏం చెప్పను? 1994లో స్వీడన్ డాక్టర్లు రోగి మోకాల్లోని కణాలే కాసిని తీసి, బయట పెంచి, మళ్లీ అక్కడే పెట్టామని ప్రకటించారు, నిజమే. కానీ ఆ పెంచడంలోనే కదా నీ వేషాలన్నీ! లక్షల్లో పెరగమంటే పెరుగుతావు. పెరిగాక గుజ్జు చెయ్యమంటే నాకేం తెలుసంటావు. ఈ ఒక్క ముక్క దగ్గరే అరవై ఏళ్లకు పైగా అందరం ఇరుక్కున్నాం, నీకు చీమ కుట్టినట్టయినా లేదు. మర్యాద అయిపోయింది. ఇక నుంచి నువ్వే, తమరు లేదు.

నీ గుట్టు నాకు తెలుసు. 1982లో బెన్యా, షాఫర్ ఇలాగే దారి తప్పిన కుందేలు మృదులాస్థి కణాల్ని జెల్లీలాంటి అగరోజ్ జెల్‌లో పాతిపెట్టారు. కాళ్లు జాపే చోటు లేక అవి మళ్లీ గుండ్రంగా ముడుచుకుని, బుద్ధిగా టైప్ 2 చెయ్యడం మొదలుపెట్టాయి. అందుకే ఇవాళ పొద్దున నిన్నూ అగరోజ్‌లో దింపాను. ఇందాక మైక్రోస్కోపులో చూశాను, గుండ్రంగా, ముద్దుగానే ఉన్నావు. ఆ మాట గైడ్ గారి ముందు మాత్రం అనను.

వచ్చే ల్యాబ్ మీటింగుకి టైప్ 2 కనపడాలి. కనపడలేదా, హుడ్ కింద బ్లీచ్ డబ్బా ఉంది, నిండుగా ఉంది.

ఇట్లు,
ఆదివారం కూడా నీ మీడియా మార్చే మనిషి