ఎస్‌జే-100 రాకముందే తేల్చుకోవాల్సిన లెక్కలు

హిందుస్థాన్ ఏరోనాటిక్స్ (హెచ్‌ఏఎల్) 2025 అక్టోబరులో రష్యాకు చెందిన యునైటెడ్ ఎయిర్‌క్రాఫ్ట్ కార్పొరేషన్‌తో మాస్కోలో అవగాహన ఒప్పందం చేసుకుంది. ఎస్‌జే-100 అనే ప్రాంతీయ జెట్‌ను ఇక్కడే తయారుచేసి దేశీయ విమాన సంస్థలకు అమ్మే హక్కు దీంతో హెచ్‌ఏఎల్‌కు వస్తుంది. 1961లో మొదలై 1988లో ఆగిపోయిన ఏవ్రో హెచ్‌ఎస్-748 తర్వాత పూర్తిస్థాయి ప్రయాణికుల విమానం మన దేశంలో తయారవడం ఇదే మొదటిసారి అవుతుందని ఆ సంస్థ చెబుతోంది. రాబోయే పదేళ్లలో ఈ తరగతి విమానాలు 200కు పైగా కావాలన్నది దాని అంచనా.

కోరిక మంచిదే. నాలుగు దశాబ్దాలుగా మన ఇంజినీర్లకు దక్కని అవకాశం ఇది. అయితే ప్రాంతీయ జెట్లు దెబ్బతిన్నది ఎక్కువగా గాల్లో కాదు, నిబంధనల దగ్గర, విడిభాగాల దగ్గర. ఒప్పందంపై జరుగుతున్న చర్చలో ఈ రెండింటి ఊసే సరిగా వినిపించడం లేదు.

నిబంధనల సంగతి తెలుగువాళ్లకు కొత్తేమీ కాదు. విజయవాడ కేంద్రంగా 2013 అక్టోబరులో మొదలైన ఎయిర్ కోస్టా నడిపినవన్నీ బ్రెజిల్ సంస్థ ఎంబ్రాయర్ జెట్లే. చిన్నది ఈ-170, పెద్దది ఈ-190. మన దగ్గర 80 సీట్లలోపు దేశీయ విమానాలకు ల్యాండింగ్ చార్జీలు లేవు. టేకాఫ్ బరువు 40 టన్నుల లోపుంటే ఇంధనంపై అమ్మకపు పన్ను 4 శాతం మించదు. ఆ గీత దాటితే రాష్ట్రాల వ్యాట్ పడుతుంది, కొన్నిచోట్ల అది 20 శాతం దాటుతుంది. ఈ-170 ఈ రెండు గీతలకూ లోపలే ఉంది. ఈ-190 రెండింటికీ బయట ఉంది. ఒకే సంస్థ, ఒకే కుటుంబానికి చెందిన విమానాలు, రెండు వేర్వేరు ఖర్చుల లెక్కలు! 2014లో ఏకంగా 50 ఈ2 జెట్లకు (ఎంబ్రాయర్ కొత్త తరం విమానాలకు) ఆర్డరు పెట్టిన ఎయిర్ కోస్టా డబ్బు కటకటతో 2017 ఫిబ్రవరి చివర్లో ఆగిపోయింది. దాని పతనానికి కారణాలు ఇంకా ఉన్నాయి, నిజమే. కానీ ఇండిగో నడిపే ఏటీఆర్‌లలో (రెక్కలకు ప్రొపెల్లర్లుండే చిన్న విమానాల్లో) 78 సీట్లే ఎందుకున్నాయో చూస్తే ఈ గీతల బలం తెలుస్తుంది.

ఎస్‌జే-100 దాదాపు వంద సీట్ల విమానం. బరువు 45 టన్నుల పైమాటే. అంటే ఏటీఆర్‌కు దక్కే రాయితీలు దీనికి దక్కవు, ఎయిర్‌బస్ ఏ320కి ఉన్నన్ని సీట్లు కూడా ఉండవు. ఇంత ఖర్చు పెట్టి తయారుచేసే విమానాన్ని మన చట్టమే పక్కకు నెడుతుంది.

జపాన్ అనుభవం ఇంతకంటే చేదు. అమెరికాలో పెద్ద విమాన సంస్థలకూ పైలట్ల సంఘాలకూ మధ్య స్కోప్ క్లాజ్ అనే ఒడంబడిక ఉంటుంది. అనుబంధ సంస్థలు నడిపే జెట్లు 76 సీట్లు, సుమారు 39 టన్నులు దాటకూడదు. ఈ పరిమితి సడలుతుందన్న ఆశతో మిత్సుబిషి 2008లో ఎంఆర్‌జే అనే ప్రాంతీయ జెట్ ప్రాజెక్టు మొదలుపెట్టింది. 2015 నవంబరులో విమానం చక్కగా ఎగిరింది కూడా. పరిమితి మాత్రం సడలలేదు. సర్టిఫికేషన్ కోసం డిజైన్ మార్చాల్సి రావడంతో గడువు పదేపదే వాయిదా పడింది. చివరికి 2023 ఫిబ్రవరిలో ప్రాజెక్టును రద్దు చేశారు. ఎంబ్రాయర్ కొత్త ఈ175-ఈ2 కూడా అదే బరువు గీత దగ్గర ఇరుక్కుపోయింది. అమెరికాలో ఇప్పటికీ అమ్ముడవుతున్నది పాత ఈ175.

ఇక విడిభాగాలు. ఎస్‌జే-100 తొలి రూపం సుఖోయ్ సూపర్‌జెట్ 2011లో సర్వీసులోకి వచ్చింది. మెక్సికోకు చెందిన ఇంటర్‌జెట్ దాన్ని ఎంతో నమ్మకంతో కొన్నది. విడిభాగాలు అందక కొన్ని విమానాలను నేలమీదే ఉంచి, వాటి భాగాలు ఊడదీసి మిగతావాటికి బిగించుకోవాల్సి వచ్చింది. అప్పటి ఇంజిన్ ఫ్రాన్స్, రష్యాలు కలిసి తయారుచేసినది. 2022 ఆంక్షల తర్వాత ఆ దారి మూసుకుపోయింది. దాంతో రష్యా సొంత పీడీ-8 ఇంజిన్, సొంత పరికరాలతో విమానాన్ని మళ్లీ రూపొందించుకుంది. కొత్త రూపం పరీక్షల్లో 2025లో గాల్లోకి లేచింది. ప్రయాణికులను మోస్తూ ఏళ్ల తరబడి నలిగిన ఇంజిన్ కాదది. పైగా తయారీ సంస్థ మీద అమెరికా, ఐరోపా ఆంక్షలున్నాయి. లీజు, బీమా, విడిభాగాల చెల్లింపులు అన్నిటినీ అవి తాకుతాయి.

ఎంబ్రాయర్ వెళ్లిన దారి వేరు. 1969లో ప్రభుత్వ సంస్థగా పుట్టి, 1994లో ప్రైవేటు చేతుల్లోకి వెళ్లింది. ఇంజిన్ సొంతంగా చేయాలన్న పట్టుదలకు పోకుండా నిరూపితమైన ఇంజిన్లు కొనుక్కుంది. తన పాత 50 సీట్ల జెట్ సన్నని గొట్టాన్నే సాగదీయకుండా, ఇటు రెండు అటు రెండు సీట్లతో ఈ-జెట్‌ను (ఈ-170, ఈ-190ల కుటుంబాన్ని) మొదటినుంచి కొత్తగా గీసింది. విమానం అమ్మిన చోటల్లా సేవాకేంద్రాలు, శిక్షణ కూడా వెంట తీసుకెళ్లింది. మనం నేర్చుకోవాల్సింది ఎక్కువగా ఈ చివరి సంగతే.

మనకు ప్రాంతీయ జెట్ అవసరం లేదనే వాదనను ఒప్పుకోను. చిన్న నగరాలకు విమానాలు నడిపే కేంద్ర పథకం ఉడాన్ తొలి సర్వీసులు 2017 ఏప్రిల్ 27న మొదలయ్యాయి, వాటిలో కడప-హైదరాబాద్ ఒకటి. ఈ పథకం మూడో విడత వరకు కేటాయించిన 774 మార్గాల్లో 403 అసలు మొదలే కాలేదని 2023లో కాగ్ తేల్చింది. హైదరాబాద్-కడప వంటి దగ్గరి దూరాలకు ఏటీఆర్ చాలు. రాజమహేంద్రవరం నుంచి అహ్మదాబాద్‌కో, కడప నుంచి కోల్‌కతాకో వెళ్లాలంటే ఏటీఆర్‌కు చాలా సేపు పడుతుంది, ఏ320కి జనం నిండరు. జెట్ చోటు అక్కడే.

కాబట్టి తయారీ మొదలుపెట్టే ముందే 80 సీట్లు, 40 టన్నుల గీతలను కేంద్రం సవరించాలి. పీడీ-8 మరమ్మతు కేంద్రం ఇక్కడే పెట్టాలని, విడిభాగాల నిల్వ మన చేతుల్లో ఉండాలని ఒప్పందంలో స్పష్టంగా రాయించాలి. ఫ్రాన్స్‌కు చెందిన సాఫ్రాన్ సంస్థ లీప్ ఇంజిన్ల మరమ్మతు కేంద్రాన్ని 2025 నవంబరులో హైదరాబాద్‌లో ప్రారంభించింది. ఆ ఇంజిన్లతో నడిచే విమానాలు మన దగ్గర వందల్లో ఉన్నాయి కాబట్టి అది దానంతటదే వచ్చింది. పీడీ-8కి అలాంటి గిరాకీ ఇంకా లేదు. హెచ్‌ఏఎల్ ముందుగానే పట్టుబట్టి సాధించుకుంటే తప్ప ఆ కేంద్రం రాదు.