అంగుళం ఎబొనీ

తెల్లటి చెక్కతో జానెడు పెట్టె ఒకటి చేశాను. మూత తెరవడానికి ఒక బొడిపె కావాలి. తెల్ల చెక్క మీద నల్లగా, నున్నగా, బొటనవేలి కొసంత బొడిపె, అదీ ఎబొనీ అనే నల్ల కలపతో చేసింది ఉంటే బాగుంటుందనిపించింది. చిన్న కోరికే కదా అని బయల్దేరాను. పెద్ద కోరికలు తీర్చుకోవడమే సులువని తర్వాత తెలిసింది. ఇల్లు కడతానంటే వెంటపడేవాళ్లు వందమంది. అంగుళం చెక్క కావాలన్నవాణ్ణి మాత్రం దొంగను చూసినట్టు చూస్తారు.

కలప వ్యాపారి ఒకాయనకు ఫోన్ చేశాను.

"ఎబొనీ ఉందాండీ?"

"బోలెడు. ఎంత కావాలి సార్?"

"ఒక అంగుళం."

"అంగుళం మందం. సరే. వెడల్పు?"

"అంగుళమే."

"ఓహో, బద్దలా కోయాలన్నమాట. పొడవు ఎన్ని అడుగులు?"

"పొడవు కూడా అంగుళమేనండీ."

అటువైపు కాసేపు రంపం చప్పుడు మాత్రమే వినిపించింది. తర్వాత ఆయన గొంతు తగ్గించి, ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగాలేనట్టు అడిగాడు.

"దేనికి సార్?"

"పెట్టె మూతకి."

"ఎన్ని పెట్టెలు?"

"ఒకటే."

"మేం సీఎఫ్టీ లెక్కన ఇస్తాం సార్. ఒక సీఎఫ్టీకి తక్కువ కోయం."

"పోనీ, కోయగా మిగిలిన తుక్కులో చూడండి."

"తుక్కు అమ్మం సార్. మాకూ ఒక పరువుంది."

సీఎఫ్టీ అంటే ఘనపుటడుగు. అందులో 1,728 ఘనపుటంగుళాలు. రంపం పొట్టు కింద పోయేది వదిలేసినా, ఆయన పరువు నిలబెట్టడానికి నేను ఇంకో 1,727 పెట్టెలు చేయాలి. వారానికి ఒకటి చొప్పున 33 ఏళ్లు. బంధువులకు తలా రెండు ఇచ్చాక, ముఖపరిచయం లేనివాళ్ల పెళ్లిళ్లు వెతుక్కుంటూ వెళ్లి మరీ ఇచ్చి రావాలి.

సరే, ఆన్‌లైన్ ఉందిగా అనుకున్నాను. అక్కడ సొంత పేరుతో బతుకుతున్న చెట్టు కనబడితే దణ్ణం పెట్టాలి. ఫిలిప్పీన్ మహాగనీ అని అమ్మేది మహాగనీ కాదు, లావాన్. బ్రెజీలియన్ చెర్రీకి చెర్రీతో ఏ సంబంధమూ లేదు. దాని అసలు పేరు జటోబా, చుట్టరికం కలపాలంటే మన చింతచెట్టుతో కలపాలి. పర్పుల్‌హార్ట్ అని ఇంకొకటి ఉంది. కోసినప్పుడు మట్టిరంగు, గాలీ వెలుతురూ తగిలాక ఊదా, ఏళ్లు గడిచేకొద్దీ మళ్లీ గోధుమ. ఫోటో మాత్రం ఆ మధ్యలో ముహూర్తం చూసి తీస్తారు. చిన్న ముక్కలు అమ్మే దయామయులు లేకపోలేదు, కానీ వాళ్ల దయంతా చెక్క పెన్నులు చేసేవాళ్ల మీదే. ముప్పావు అంగుళం చదరం, ఐదంగుళాల పొడవు. పావు అంగుళం తేడాతో నాకు ఆ స్వర్గద్వారం మూసుకుపోయింది.

చివరికి ఒకచోట దొరికింది. పార్సిల్ వచ్చింది. ముక్కకు ఒళ్లంతా మైనం. ఎండి పగలకుండా పూస్తారట. ఆ పుణ్యాన లోపల ఏముందో కనబడదు. గీకి చూస్తే నల్లగానే ఉంది. చేతిలో పట్టుకుంటే మాత్రం దూదిలా తేలిగ్గా ఉంది. అనుమానమొచ్చి స్పిరిట్‌లో దూది ముంచి తుడిచాను. దూది నల్లబడింది. ఇంకోసారి తుడిచాను. గుడ్డ నల్లబడింది, వేళ్లు నల్లబడ్డాయి, ముక్క తెల్లబడింది. రంపంతో కోస్తే లోపల పసిబిడ్డ పాలపళ్లంత తెలుపు! ఇదేమిటయ్యా అని అడిగితే, "నల్ల చెక్క కావాలన్నారు, పంపినప్పుడు నల్లగానే ఉంది" అన్నారు. తర్కంలో తప్పు పట్టలేకపోయాను.

ఇక చట్టబద్ధంగా విదేశం నుంచే తెప్పిద్దామని తీర్మానించాను. ఎబొనీ వద్దు, ఆఫ్రికన్ బ్లాక్‌వుడ్ చాలు. క్లారినెట్లు చేసేది దాంతోనే. నీళ్లలో వేస్తే రాయిలా మునుగుతుంది. పేరులో ఏమున్నా అది రోజ్‌వుడ్ జాతి, అంటే డాల్బర్జియా. అంతరించే ప్రమాదమున్న జీవజాతుల వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ ఒప్పందంలోకి 2017 జనవరిలో ఆ జాతి మొత్తం వచ్చేసింది. దేశం దాటాలంటే అనుమతి పత్రం ఉండాలి. న్యాయమే. 2019లో కొంత సడలించారు. తయారైపోయిన సంగీత వాద్యాలకు పత్రం అక్కర్లేదు. తయారైన ఇతర వస్తువులైతే పార్సిల్‌కు 10 కిలోల కలప దాకా మినహాయింపు. నా ముక్క 20 గ్రాములు. కానీ అది వస్తువు కాదు, ముడి కలప. అదే ముక్కను అక్కడే గుండ్రంగా చెక్కించి "ఇది బొడిపె" అని పంపిస్తే ఏ గొడవా లేదు. అంటే, పని నేను చేసుకుంటానంటేనే ఫైలు కదలాలి.

దుంగలు దాటిపోకూడదనే ఈ నిబంధనలన్నీ పెట్టారు. ఒప్పుకుంటాను. మరి దుంగలు ఆగాయా? 2009లో మడగాస్కర్‌లో ప్రభుత్వం కూలగానే జాతీయ వనాల్లోకి రంపాలు దిగాయి. 2014లో సింగపూర్‌లో ఒక్కసారే పట్టుబడ్డ మడగాస్కర్ రోజ్‌వుడ్ దుంగలు దాదాపు 30 వేలు. దుంగలండీ, ముక్కలు కాదు! అవి ఓడెక్కేదాకా ఎవరికీ కనబడలేదు. నా 20 గ్రాములు మాత్రం అందరికీ కనబడుతున్నాయి.

ఇంకోటి ఉంది, అది తలుచుకుంటే నాకు నవ్వు రాదు. గిటార్లు చేసే బాబ్ టేలర్ 2011లో కామెరూన్‌లో ఒక ఎబొనీ మిల్లులో భాగస్వామి అయ్యాక బయటపెట్టిన సంగతి. ఎబొనీ చెట్టు చేవ నిండా నల్లగా ఉందో, చారలు పడి ఉందో నరికితే గానీ తెలియదు. పదింట ఒకటే పూర్తి నలుపు. చారలదానికి ధర రాదని మిగతా తొమ్మిదింటినీ నరికినచోటే వదిలేసి పోయేవాళ్లు. తొమ్మిది చెట్లు! అన్నేళ్లు పెరిగి, నిలువునా కూలి, అడవిలో పడి కుళ్లిపోయాయి. వాటి నేరం ఏమిటి? ఒంటిమీద చారలున్నాయి. ఎవడో ఒకడు ఎక్కడో కూర్చుని నిండు నలుపే కావాలని పట్టుబట్టాడు. ఆ ఎవడో నేనే కాదని ఏ మొహం పెట్టుకుని చెప్పను? బొడిపె మీద ఒక గోధుమరంగు చార ఉంటే నా పెట్టె మూత తెరుచుకోదా? ఇటు నేను అలా, అటు తొమ్మిది చెట్లను పారేసే వ్యాపారం తుక్కు అమ్మడానికి వచ్చేసరికి పరువు గురించి మాట్లాడుతుంది! ఎక్కడిదండీ పరువు?

నిన్న మళ్లీ ఆ కలప వ్యాపారికే ఫోన్ చేశాను. చారలున్నా సరే, అంచు పగిలినా సరే, తుక్కులోదే ఇమ్మని బతిమాలాను.

"అయ్యో, మొన్ననే ఆ మాట అనుంటే బాగుండేది కదా సార్. గోనెసంచి నిండా ఉండేవి అలాంటివి. మీరన్నట్టు, సరిగ్గా బొటనవేలంతవి."

"ఏం చేశారండీ?"

"నీళ్లు కాచుకున్నాం సార్. గట్టి చెక్క కదా, రాత్రంతా మండింది."