తుఫాను అక్టోబరులో, రైలు జులైలో

ప్రతి తుఫాను తర్వాతా వాట్సాప్‌లో ఒక మెసేజ్ తిరుగుతుంది. "తుఫాన్ల దెబ్బకే శ్రీకాకుళం మత్స్యకారులు గుజరాత్ పారిపోతున్నారు. పల్లెలు ఖాళీ అయిపోయాయి. పరిహారం సరిగ్గా ఇచ్చి, ఒక హార్బర్ కడితే అందరూ వెనక్కి వచ్చేస్తారు" అని దాని సారాంశం. రాసినవాళ్ళ మనసు మంచిదే. లెక్కే కుదరదు.

"తుఫాను దెబ్బకే" అన్నారు. ముందు క్యాలెండరు చూడండి. ఫైలిన్ 2013 అక్టోబరు 12న తీరం దాటింది. మరుసటి ఏడాది హుద్‌హుద్ కూడా సరిగ్గా అదే తేదీన. తిత్లీ 2018 అక్టోబరు 11న. గుజరాత్‌లో వేట నిషేధం ముగిసి వెరావల్ బోట్లు కదిలేది ఆగస్టులో. అంటే ఇక్కడ గాలి ఇంటి రేకులు లేపుకుపోతున్న రాత్రికి, వలస వెళ్ళేవాళ్ళు అరేబియా సముద్రంలో దిగి రెండు నెలలైంది. తుఫానుకి ముందే వెళ్ళినవాళ్ళు తుఫాను వల్ల ఎలా వెళ్తారు?

తుఫాను చేసే పని వేరు, అదీ నిదానంగా. అది పోయాక ఒడ్డుకెళ్ళి చూస్తే ఫైబర్ తెప్ప అడుగు చీలి ఉంటుంది. ఇంజన్ నిండా ఇసుక. వలలో కొబ్బరి మట్టలు, ముళ్ళకంప. ముగ్గురు కూర్చుని రెండు రోజులు ఏరితే చేతికొచ్చేది సగం వల. వడ్డీకి తెచ్చి బాగుచేయిస్తారు. చేప పడకపోతే అప్పు అలాగే నిలుస్తుంది. జులై వచ్చేసరికి తండేలు, అంటే బోటు నడిపే పెద్ద, అడ్వాన్సు పట్టుకొస్తాడు. మొన్నటిదాకా సొంత తెప్ప ఉన్నవాడు ఆ డబ్బు అప్పులోళ్ళకి కట్టి, ఎవరిదో బోటు మీద కళాసీగా, అంటే కూలికి పనిచేసేవాడిగా, రైలెక్కుతాడు. తుఫానుకీ ఆ రైలుకీ మధ్య తొమ్మిది నెలల అప్పు ఉంది. మెసేజ్‌లో లేనిది అదే.

ఇక "పారిపోవడం". వేట ఎక్కడుంటే అక్కడికి పోవడం వీళ్ళకి తాతల నాటి అలవాటు. పూరీలో పెంటకట అనే పెద్ద బస్తీ ఉంది, తెలుగు మాట్లాడే నోలియా మత్స్యకారులది. 2019 మే 3న ఫణి వాళ్ళ నెత్తినే పడింది. బస్తీ ఇంకా ఆ ఒడ్డునే ఉంది.

పల్లెలు ఖాళీ కూడా కాలేదు. చేపల గంపా, ఎండుచేపల బేరమూ, అప్పులోడికి చెప్పే సమాధానమూ ఆడవాళ్ళవే. మగవాళ్ళు వేసవిలో తిరిగొస్తారు. గుజరాత్ నుంచి వేటకెళ్ళి 2018 నవంబరులో పాకిస్తాన్‌కి చిక్కినవాళ్ళలో 20 మంది 2020 జనవరిలో ఇల్లు చేరారు. అదే ఏడాది లాక్‌డౌన్‌లో వెరావల్‌లో 4,000 మందికి పైగా బోట్ల మీదే ఇరుక్కుపోతే బస్సుల్లో తీసుకొచ్చారు. ఇంత చూశాక కూడా వెళ్ళేవాళ్ళని గాలివాన భయం తరుముతోందంటే నేను నమ్మను.

పరిహారం సంగతి క్లుప్తంగా. అది తెప్పల లెక్కన, వలల లెక్కన వస్తుంది. కళాసీకి పోవడానికి తెప్పే లేదు, ఇక ఏం వస్తుంది? ఏటా ఇచ్చే భృతి వేరే సంగతి. 2019లో 10,000 రూపాయలు, 2025లో 20,000 చేశారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట ఆగే 61 రోజులకి అది. అక్టోబరులో పోయిన వలకి కాదు.

హార్బర్ విషయంలో మాత్రం సగం ఒప్పుకుంటాను. 193 కిలోమీటర్ల తీరం ఉన్న జిల్లా. పెద్ద బోటు నిలిపే చోటు లేక పెద్ద బోట్లు రాలేదు, వాటితో వచ్చే పనీ రాలేదు. బుడగట్లపాలెంలో హార్బర్ కావాలని అడగడంలో న్యాయముంది. కానీ కట్టాక ఆ బోట్లు కొనేదెవరు? సగం వలతో మిగిలినవాడు కొనలేడు. బయటివాడు కొంటే, వెరావల్‌లో చేసే కళాసీ పనే ఇక్కడా చేస్తాడు. కాకపోతే వారానికోసారైనా ఇంటి అన్నం తింటాడు, అంతవరకు నయమే.